ఐదు గాట్ల స్క్రూడ్రైవరు

మా పాత ఫిట్టరు పెద్దకర్మ భోజనాల్లో నాకు ఎదురు వరసలో మా జీడి ఫ్యాక్టరీ బాయిలరు మనిషి కూర్చున్నాడు. రెండో వడ్డన అయ్యేసరికి పక్కవాడికి ఆ కథ మొదలుపెట్టాడు.

"పిడి జరిగే స్క్రూడ్రైవరు సేసినాడంట. పైకీ కిందకీ జరిగిపోద్దని మూడేళ్ళు ఊరంతా సెప్పుకున్నాడంట. తీరా ఓనరు ముందర జరపమంటే జరగదే. లాగినాడంట, గుంజినాడంట, ఆకరికి పళ్ళతో కొరికినాడంట. ఓనరు ఏటన్నాడో తెల్సా? దీన్ని తిప్పడానికి ఇంకో స్క్రూడ్రైవరు సేసుకుని రా అన్నాడంట."

వరసంతా నవ్వింది. చావు భోజనాల్లో నవ్వుకోవడం మా వైపు తప్పు కాదు. కానీ ఆ బాయిలరు మనిషి ఆ రోజు అక్కడ లేడు. మా ఫ్యాక్టరీలో చేరి నాలుగేళ్ళే అయింది. పోయిన ఫిట్టరు దేన్నీ పళ్ళతో కొరకలేదు. ఓనరు ఆ మాట అనలేదు. ఆ రెండూ నేను కల్పించినవి, పదకొండేళ్ళ కిందట, కాశీబుగ్గలో ఒక టీకొట్టు బెంచీ మీద. కొరికినప్పుడు మెడ పక్కకి వంచడం కూడా నేను పెట్టిందే. బాయిలరు మనిషి అచ్చం అలాగే వంచాడు.

చెయ్యి కడుక్కుని, ఫిట్టరు భార్యకి చెప్పి వెళదామని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. లోపల చాప మీద కూర్చుని ఉంది. బయట నవ్వు ఆమెకి వినపడింది.

"స్క్రూడ్రైవరు కతేనా?" అంది.

అవునన్నాను.

"ఆయనా సెప్పీవోడు. పళ్ళతో కొరికిన కాడికొచ్చేసరికి తనే ముందు నవ్వీవోడు," అంది.

అంటే ఇంట్లో కూడా నిజం చెప్పలేదు. నేను కట్టిన కథనే మోసుకెళ్ళి తన అరుగు మీద చెప్పుకున్నాడు. బతికున్నన్నాళ్ళూ విసిగించింది చాలక పోతూ పోతూ ఇదొకటి పెట్టి పోయాడు. జరిగింది తెలిసినవాణ్ణి ఆ రోజుకి నేనొక్కణ్ణే. అందుకే రాస్తున్నాను.

అతను మహానుభావుడని రాయడానికి మాత్రం కూర్చోలేదు. అతనితో వేగడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు పలాసలో ఇంకా చాలామంది ఉన్నారు. అతను మా ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను మొదట అతని కింద పని నేర్చుకున్నాను, తర్వాత అదే షెడ్డుకి సూపర్‌వైజర్నయ్యాను. నాకంటే ఏడేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు, బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

కనపడితే పలకరింపు ఉండేది కాదు. జేబులోంచి ఏదో తీసి చేతిలో పెట్టి "పట్టు" అనేవాడు. పట్టుకోగానే "ఏటనిపిస్తంది?" అనేవాడు.

"ఏటనిపిస్తంది, కర్రలాగున్నాది."

"కర్రని నాకూ తెల్సు. సెయ్యికి ఏటనిపిస్తంది?"

బాగుందంటే కోపం వచ్చేది. బాగులేదంటే ఎక్కడ బాగులేదో వేలు పెట్టి చూపించమనేవాడు. ఒకసారి మా అమ్మని విశాఖ ఆస్పత్రికి తీసుకెళుతూ పలాస స్టేషన్లో రైలెక్కుతున్నాను. ఒక కాలు మెట్టు మీద ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి చేతిలో పనస కర్ర ముక్క పెట్టాడు. రైలు కదిలింది. ఆ ముక్కతోనే విశాఖ వెళ్ళి, ఆ ముక్కతోనే మూడో రోజు తిరిగొచ్చాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎదురై అడిగాడు:

"మూడ్రోజులున్నాది కదా నీ కాడ. ఏటనిపించింది?"

మా అమ్మ ఎలా ఉందని అడగలేదు. మర్నాడు పొద్దున్నే కవిటి నుంచి సైకిలు మీద బొండాల గెల వేసుకుని మా ఇంటికొచ్చి ఆ మాట మా అమ్మనే అడిగాడు. అడిగి, ఆమె చేతికర్ర తీసుకుని తల దగ్గర ఒకసారి, నడుం దగ్గర ఒకసారి పట్టి చూశాడు.

నా గొడుగు సంగతి కూడా చెప్పాలి. కొత్త గొడుగు. వాన పడుతోందని ఫ్యాక్టరీ నుంచి బజారుకి వెళ్ళడానికి అడిగాడు, ఇచ్చాను. సాయంత్రం వెనక్కి ఇచ్చినప్పుడు ఊసలూ గుడ్డా వేరే వేరే కట్టలుగా ఉన్నాయి. గొడుగు తెరిచినప్పుడు లోపల టక్కున పడి, మళ్ళీ మూసుకోకుండా ఆపే చిన్న రేకు ఉంటుంది కదా, అతనికి అది కావలసి వచ్చింది.

"ఇది నా కొత్త గొడుగు," అన్నాను.

"గొడుగుదేటి బావా. దీనెనకాల రెండేళ్ళు తిరిగినాను నాను. ఇందులో ఉన్నాది నాకు కావల్సింది. ఇను," అని ఆ రేకుని నా చెవి దగ్గర పెట్టి బొటనవేలితో నొక్కి వదిలాడు. టక్. మళ్ళీ నొక్కి వదిలాడు.

నేను జీడిపిక్కల ఖాళీ గోనె నెత్తిన వేసుకుని తడుస్తూ ఇంటికెళ్ళాను. వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఆ టక్, టక్ వినపడుతూనే ఉంది.

అసలు అతని తలలో ఏముందో నాకు కాస్తయినా అర్థమైంది కంచిలిలో మా మరదలి పెళ్ళిలో. వంటల దగ్గర పెద్ద డేగిసాలో పులుసు మరుగుతోంది. వంటమనిషి పొడుగు గరిటెతో కలుపుతున్నాడు. ఇతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కాసేపు చూసి వంటమనిషి చేతిని, గరిటెతో సహా, పట్టుకుని ఆపేశాడు.

"అడుగంటిపోద్ది, ఒగ్గు బావా," అన్నాడు వంటమనిషి.

"ఒక్క నిమసం. నువ్వు పైన కలిపినప్పుడు ఈడ పట్టుకున్నావు. అడుక్కి దిగినప్పుడు నీ సెయ్యి ఈ కాడికి జారింది. ఎందుకు జారింది?"

"నాకేటి తెల్సు? సెయ్యి కదా, జారింది."

అతను నా వైపు తిరిగాడు. పెళ్ళివారంతా చూస్తున్నారు. నేను ఆడపెళ్ళివారి అల్లుణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"సూసినావా? మనిసి సెయ్యి పనిని బట్టి జరుగుతాది. గరిట కర్ర పొడుగ్గా ఉన్నాది కాబట్టి జరగనిచ్చింది. స్క్రూడ్రైవరు పిడి ఒక్క కాడే ఉంటాది, సెయ్యి జరుగుదామంటే సోటు లేదు. మరి పిడే జరగాల కదేటి?"

పులుసు మాడింది. నాకు మా మావగారి దగ్గర మాట పడింది.

స్క్రూడ్రైవరు గోలేమిటో ఇక్కడ చెప్పకపోతే అతను వట్టి పిచ్చివాడిలా కనపడతాడు. మా షెడ్డులో ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చుని పిక్కలు కోస్తారు. ఉడికిన పిక్కని రెండు బ్లేడుల మధ్య పెట్టి, కాలితో పెడలు తొక్కితే తొక్క చీలి పప్పు బయటికొస్తుంది. బ్లేడుల మధ్య సందు సరిగ్గా ఉంటే పప్పు గుండుగా వస్తుంది, లేకపోతే ముక్కలవుతుంది. పిక్క సైజు మారినప్పుడల్లా ఆ సందు మార్చుకోవాలి. మార్చే స్క్రూ బల్ల కింద ఉంటుంది. మాకు మూడు రకాల మిషన్లు ఉన్నాయి. ఒకదాంట్లో స్క్రూ అంచుకి దగ్గరగా ఉంటే, ఒకదాంట్లో పెడలు ఊసకి అవతల, లోపలెక్కడో ఉంటుంది. పొట్టి స్క్రూడ్రైవరు అందదు. పొడుగుది పెడితే పిడి నేల దగ్గరికి పోతుంది, మనిషి వంగి బల్ల కింద దూరాలి. అందుకని ఫిట్టరుని పిలుస్తారు. ఫిట్టరు ఒక్కడు, బల్లలు నలభై. కూలి కిలోల లెక్క కాబట్టి, అతను వచ్చేదాకా ఖాళీగా కూర్చున్నది ఎవరైతే వాళ్ళదే నష్టం.

ఇంకో సంగతి. పిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది. ఆడవాళ్ళు చేతులకి ఆముదం, బూడిద పట్టించుకుని పనిలో కూర్చుంటారు. అయినా ఏళ్ళ తరబడి కోస్తే వేళ్ళు మొద్దుబారిపోతాయి. సన్నటి పిడిని వేళ్ళతో బిగించి తిప్పడం వాళ్ళవల్ల కాదు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఒకరోజు అతన్ని అడిగాను:

"నువ్వు ఇరవయ్యేళ్ళుగా బల్లల కింద దూరతన్నావు. ఇప్పుడొచ్చి నడుం నొప్పెట్టిందేటి?"

"ఇది నాకు కాదు బావా. నాకైతే దూరడం వచ్చు. ఆ ఆడోలకి."

"ఆడోలే స్క్రూలు తిప్పుకుంటే ఇక నువ్వెందుకు?"

"అదే నానూ సూద్దామనుకుంటన్నాను," అన్నాడు.

ఆడవాళ్ళలో అందరికంటే పాత మనిషి తవిటమ్మ. అతను చేసిన ప్రతి పిడీ ముందు ఆమె చేతిలోకే వెళ్ళేది. ఆమె అరచెయ్యి కొలత దారంతో తీసి, ఆ దారాన్ని తన జేబులో పెట్టుకు తిరిగేవాడు.

"ఈడికి పెళ్ళాం మొకం సూడకపోయినా తెల్లారతాది గానీ నా సెయ్యి సూడకపోతే తెల్లారదు," అనేది షెడ్డంతా వినపడేలా. "పట్టి పట్టి సచ్చిపోతన్నానురా. ఒకటైనా నా సేతిలో ఉంచీయొచ్చు కదా."

"ఇంకా ఉన్నాదక్కా," అనేవాడు.

ఆ మాట మూడేళ్ళు విన్నాం. మొదట గుండ్రటి కడ్డీ మీద చేశాడు, పిడి జరిగింది కానీ తిప్పితే కడ్డీ తిరగకుండా పిడి ఒక్కటే తిరిగింది. తర్వాత నలుపలకల కడ్డీ తెచ్చాడు. పిడి తాటి చేవతో చేశాడు, బరువన్నాడు. పనసతో చేశాడు, ఆముదం చేతికి జారుతోందన్నాడు. పాత వల తాడు చుట్టాడు. బాగుంది, ఇక చాలు అని మేమంతా అన్న రోజున తాడంతా విప్పేశాడు. ముడి ఎడమచేతి వాటం వాళ్ళకి గుచ్చుకుంటుందట. షెడ్డులో ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే ఉంది.

చివరికి తేలింది ఇది. మూరెడు నలుపలకల కడ్డీ. దాని మీద జరిగే ఇనప రింగు. రింగుకి అడ్డంగా, కుళాయి తిప్పే పిడిలాగ, అరచేత్తో నెట్టే పనస పిడి. కడ్డీకి ఐదు గాట్లు. నా గొడుగులోంచి తీసిన రేకు ఏ గాటు దగ్గర కావాలంటే ఆ గాట్లో పడి రింగుని ఆపుతుంది. స్క్రూ దగ్గరగా ఉంటే పిడి పైకి జరుపుకోవాలి, దూరంగా ఉంటే కిందికి. అంతే. చూస్తే ఇంతేనా అనిపించేది. తిప్పితే మాత్రం వదలబుద్ధి కాలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించమంటాడు.

ఓనరు ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున షెడ్డుకి వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే నలభై బల్లలకీ నలభై చేయిస్తానన్నాడు. మామూలుగా ఓనరు అంత మాట అనడు. అతను రెండు రోజులు అన్నం సరిగా తినలేదని తర్వాత తెలిసింది.

ఆదివారం సాయంత్రం ఆ స్క్రూడ్రైవరు నాకిచ్చాడు. వాళ్ళ ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి ఇనుము ఒక్క రోజులో ఎర్రబడుతుంది. ఫ్యాక్టరీలో నా బీరువాలో ఉంచమన్నాడు.

"దీనికేటీ రాయకు. పొడిగుడ్డతో తుడిసి పెట్టీ."

"సర్లే."

"నూనె రాయకు. గ్రీజూ రాయకు."

"సర్లే అన్నాను కదా."

"పొడిగుడ్డ బావా. పొడిది."

గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి నాలుగోసారి చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. నేను పడవలవాళ్ళ ఇంట పుట్టాను. ఉప్పుగాలి గురించి, తుప్పు గురించి నాకు ఒక ఫిట్టరు చెప్పాలా అనుకున్నాను. మా నాన్న ఏటా పిక్కతొక్క నూనె కాచి పడవ అడుగుకి పూసేవాడు. కర్రకి పురుగు పట్టదు, మేకులకి తుప్పు పట్టదు. ఆరితే అద్దంలా మెరుస్తుంది. ఉద్దానం తీరంలో ఏ ఇంట్లో అడిగినా అదే చెబుతారు. ఫ్యాక్టరీలో ఆ నూనె పీపాలకి పీపాలు ఉంది.

వేడి వేడి నూనె గుడ్డతో కడ్డీకీ రింగుకీ పలచగా పట్టించాను. అతని మీద కోపంతో కాదు, ఓనరు ముందు మెరవాలనే. పొద్దుటికి ఆరాలి కదా. పప్పు ఆరబెట్టే డ్రయ్యరు గదిలో, పై అరలో, మూలగా పెట్టాను.

ఆ గదిలో తొక్క నూనె తగిలిన వస్తువు పెట్టకూడదు. పప్పుకి ఆ వాసన గానీ, చుక్క గానీ అంటితే ట్రేలకి ట్రేలు పారబొయ్యాల్సిందే. అంతకుముందు ఏడాది నూనె చొక్కా ఆ గదిలో ఆరేసినందుకు ఒకతన్ని పనిలోంచి తీసేశారు. ఆ చొక్కా పట్టుకుని ఓనరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. నాకు సూపర్‌వైజరు పని వచ్చి ఆ ఆదివారానికి ఐదు నెలలు.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి తీశాను. నిగనిగలాడుతోంది. పొడిగుడ్డలో చుట్టి అతనికిచ్చాను. జరిపి చూడాలని నాకు తోచలేదు. పడవకి పూసిన నూనె గొప్పతనమంతా అది రాయిలా గట్టిపడటంలోనే ఉందని కూడా తోచలేదు.

ఓనరు వచ్చాడు. ఆడవాళ్ళు పని ఆపి చుట్టూ నిలబడ్డారు. తవిటమ్మ బల్ల దగ్గర స్టూలు వేసుకుని, చెయ్యి తుడుచుకుని రెడీగా ఉంది.

"ఏదీ, జరుపు," అన్నాడు ఓనరు.

అతను గుడ్డ విప్పి బొటనవేలితో రేకు నొక్కాడు. రేకు కదిలింది. రింగు కదల్లేదు. అన్నిటికంటే కింద, ఐదో గాటు దగ్గరే ఉండిపోయింది. ఇంకోసారి నొక్కి లాగాడు. అంతే, రెండేసార్లు. తర్వాత దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. రింగు అంచుని గోటితో గీకాడు. గోధుమరంగు పెళ్ళ ఒకటి ఊడి గోటి మీద నిలిచింది. అతను డ్రయ్యరు గది తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

తొక్క నూనె ఒక్క రాత్రిలో అలా గట్టిపడాలంటే ఎక్కడ పెట్టాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏమైంది?" అన్నాడు ఓనరు.

"రింగు బిగుతు సేసేసినాను సార్. నా లెక్క తప్పింది."

"ముందే చూసుకోవద్దా?"

"సూసుకోవాల్సింది సార్."

ఓనరు "చూద్దాంలే" అన్నాడు. వెళ్ళిపోతూ నన్ను పక్కకి పిలిచి, ఇకమీదట ఆడవాళ్ళని స్క్రూల జోలికి రానివ్వద్దని చెప్పాడు. ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పింది నేను. పదకొండేళ్ళు అమలు చేసింది నేను.

ఆ సాయంత్రం అతను ఆ స్క్రూడ్రైవరు తవిటమ్మకి ఇచ్చేశాడు. "ఇంకోటి సేసీదాకా దీంతోనే లాగించక్కా," అన్నాడు. వేడిచేసి ఆ రింగు వదిలించడం అతనికి రాని పనేమీ కాదు. ఎందుకు చెయ్యలేదో నాతో అనలేదు. బాగుచేసి మళ్ళీ ఓనరు ముందు పెడితే, అప్పుడెందుకు బిగిసిందని అడుగుతాడు. అందుకేనని నేననుకుంటున్నాను. ఆ తర్వాత అతను ఎన్నడూ నా చేతిలో ఏదీ పెట్టలేదు. పట్టు అనలేదు. మూడేళ్ళు ఆ మాట ఎప్పుడు మానుతాడా అని చూసినవాణ్ణి నేను.

నాలుగో రోజు టీకొట్టు దగ్గర పక్క ఫ్యాక్టరీవాళ్ళు అసలేమైందని అడిగారు. ఎవరైనా ఆరా తీస్తారేమోనన్న భయంతో ముందే నవ్వించేశాను. లాగడం, గుంజడం, పళ్ళతో కొరకడం, ఓనరు మాట, అన్నీ అప్పటికప్పుడు వచ్చాయి. నవ్వులు ఆగాక వెనక్కి చూస్తే అతను గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"కొరికింది కుడి పక్క పళ్ళతో బావా. ఎడం పక్కది పుచ్చిపోయింది," అన్నాడు.

జనం మళ్ళీ నవ్వారు. అతను టీ తాగి, గ్లాసు కడిగి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టుంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. అలాంటి మనిషితో ఏం చెయ్యాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

మరుసటి ఏడాది టెక్కలిలో గ్రానైటు పలకలు నున్నచేసే చోట పని దొరికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడూ కనపడేవాడు. ఆఖరి రెండేళ్ళూ డయాలసిస్ మీద ఉన్నాడు. మా వైపు మనిషి పోతే ఏం జబ్బని ఎవరూ అడగరు, కిడ్నీలే అయ్యుంటుంది.

ఒకసారి ఆస్పత్రిలో చూడటానికి వెళ్ళాను. అతని భార్య మందులకి కిందికి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే ఓ పది నిమిషాలు ఉన్నాం. చెప్పేద్దామనే వెళ్ళాను. "బావా, ఆవేళ డ్రయ్యరు గదిలో..." అని మొదలుపెట్టాను.

"మంచం అడుక్కి సూడు," అన్నాడు.

"ఏటి?"

"అడుక్కి సూడెహె. తలకాడ ఎత్తడానికి పిడి ఎక్కడ పెట్టినాడో సూడు. నర్సమ్మ మోకాళ్ళ మీద కూకుని తిప్పుతున్నాది. దినానికి ఎన్ని మంచాలు, ఎన్నిసార్లు?"

పది నిమిషాలూ ఆ మంచం పిడి గురించే చెప్పాడు. నేను అడ్డు తగలొచ్చు. తగల్లేదు. విసుక్కుంటూ విన్నాను. లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది, చెప్పే అవసరం తప్పిందని. అతని భార్య వచ్చింది. లేచి వచ్చేశాను.

పెద్దకర్మ మర్నాడు షెడ్డులో తవిటమ్మ నా దగ్గరికొచ్చింది. కొంగు కింద నుంచి గుడ్డలో చుట్టినది తీసి నా బల్ల మీద పెట్టింది. పదకొండేళ్ళుగా నేను చూడనట్టు నటిస్తూ వచ్చిన స్క్రూడ్రైవరు. పనస పిడి ఆమె అరచేతికి అరిగి నల్లగా అయిపోయింది. రింగు ఇంకా ఐదో గాటు దగ్గరే ఉంది.

"ఆడు పోనాడు. ఇక ఇంకోటి సేత్తాడని సూడక్కర్లేదు," అంది. "నా నడుం వంగట్లేదు బాబూ. నీకు సేతనైతే ఈ రింగు కూసింత పైకి లాగీ. నాకు పైన ఉంటే సాలు."

కిరసనాయిల్లో ఒక రోజంతా నానబెట్టాను. ఏమీ కాలేదు. తర్వాత పిడికి తడిగుడ్డ చుట్టి, బ్లోలాంపు దూరంగా పట్టి రింగుని మెల్లగా వేడిచేశాను. నూనె మెత్తబడి పొగ వచ్చింది. అదే వాసన, మా నాన్న పడవ వాసన. సూదితో పెళ్ళలు లాగాను. పొడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ తుడిచాను. రేకు నొక్కి లాగితే రింగు జారి నాలుగో గాట్లో పడింది. టక్. మూడు. టక్. రెండు. ఒకటి. ఎక్కడా తట్టుకోలేదు. అతని లెక్క ఎక్కడా తప్పలేదు.

మర్నాడు తవిటమ్మకి ఇస్తూ చెప్పాను. నూనె రాసింది నేను. డ్రయ్యరులో పెట్టింది నేను. వద్దని అతను నాలుగుసార్లు చెప్పాడు. నా ఉద్యోగం పోకూడదని నింద తన మీద వేసుకున్నాడు. పళ్ళతో కొరికిన కథ కూడా నేను అల్లిందే.

ఆమె అంతా విని స్క్రూడ్రైవరు వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఆవేళే సెప్పుంటే ఇన్నేళ్ళూ వంగుదునా?" అంది.

నేను అతని గురించే ఆలోచిస్తూ వచ్చాను, పదకొండేళ్ళు. ఆమె నడుం నాకు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. అతనైతే ముందు అదే అడిగేవాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని పిడి మూడో గాటుకి జరిపింది. బల్ల కింద చెయ్యి పెట్టి చూసింది. రెండుకి జరిపింది. మళ్ళీ మూడుకి తెచ్చింది.

"రెండుకీ మూడుకీ మద్దెన ఒకటి కావాల," అంది.

"ఐదే ఉంటాయి. అన్నీ లెక్కకట్టే పెట్టాడు."

"ఆడు లెక్క కట్టినప్పుడు నాకు నడుం ఉన్నాది. ఆడుంటే ఈపాటికి కోసీవోడు."

నాకు చిర్రెత్తింది. అప్పటికి రెండు రోజులు పని మానుకుని దాంతోనే కూర్చున్నాను. అయినా బీరువాలోంచి ఆకురాయి తీశాను. కడ్డీని వైసులో బిగించి రాయడం మొదలుపెట్టాను. అటుగా పోతున్న బాయిలరు మనిషి ఆగాడు.

"అదేనేటి, పళ్ళతో కొరికింది?" అన్నాడు నవ్వుతూ.

"కొరికింది అబద్ధం. కూకో, సెప్తాను," అన్నాను.

రాస్తూనే చెప్పాను. అతను ఈసారి నవ్వలేదు. డ్రయ్యరు గది మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించమన్నట్టు చెయ్యి ఊపాడు, ఓనరు కొడుకు, మా చిన్న ఓనరు, ఆఫీసులోనే ఉన్నాడని. నేను తగ్గించలేదు. ఈ రాత కూడా ఆయన కంట పడితే పడనీ.

గాటు తెగింది. రేకు అందులో పడింది. కడ్డీ తుడిచి తవిటమ్మకి అందించాను.

"పట్టు," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహం వైపు చూసింది. పట్టుకుంది. నడుం నిటారుగా ఉంచి, బల్ల కింద అరచేత్తో అర చుట్టు తిప్పింది.

"ఏటనిపిస్తంది?"

"గాట్లో గరుకున్నాది. ఇంకా రాయి," అని తిరిగి నా చేతిలో పెట్టింది.

ఆకురాయి తీసుకున్నాను.